ఏకాదశి రోజు మాత్ర ఆపాలా? పార్కిన్సన్స్ ఉన్న భర్తను చూసుకునే అమ్మల కోసం

ఏకాదశి ఉపవాసం గురించి చేసిన వీడియోలో ఒక ముఖ్యమైన విషయం చెప్పకుండా వదిలేశాను. అది మా ఇంట్లోనే బయటపడింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది గిద్దలూరు దగ్గర పల్లె. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఈ వీడియోల పని చూస్తుంటాను. మా తాతకు పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్ళయింది, చూసుకునేది మా నాయనమ్మే. పోయిన ఏడాది తొలి ఏకాదశికి ఇద్దరూ ఉపవాసం ఉన్నారు. మంచినీళ్ళు ముట్టలేదు, తాత మాత్రలూ వేసుకోలేదు. సాయంత్రానికి ఆయన మంచం మీద పక్కకు కూడా తిరగలేకపోయాడు. నాయనమ్మ ఫోన్‌లో ఏడుస్తూ, "దేవుడి కోసమే గదరా ఆపింది, నేనేం తప్పు చేసినా?" అంది.

తప్పు ఆమెది కాదు. ఆ మాత్ర ఎందుకు ఆపకూడదో ఆమెకు ఎవరం చెప్పలేదు, నేను కూడా.

మన ఒంటి కదలికలకు మెదడులో డోపమైన్ అనే పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోతే వచ్చే జబ్బు ఇది. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీని గురించి రాశాడు, అందుకే ఆయన పేరు. మన ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. మాత్రలో ఉండే లెవోడోపా మెదడుకు చేరి డోపమైన్‌గా మారుతుంది. కొన్ని గంటలకు దాని పని అయిపోతుంది, మళ్ళీ వేయాలి. ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు బిగుసుకుని, తీవ్రమైన జ్వరం వచ్చి ప్రాణం మీదకు కూడా రావచ్చు. నీళ్ళు కూడా మానేస్తే మలబద్ధకం పెరుగుతుంది, లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

మరి వ్రతం? మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది ఉన్నాయని చెబుతాడు. నీళ్ళు, పాలు, పండ్లతో పాటు ఔషధం కూడా అందులో ఉంది. నాయనమ్మకు ఇది చదివి వినిపించాను. డాక్టర్ మాట కంటే విదురుడి మాట మీదే ఆమెకు గురి కుదిరింది, ఏదైతేనేం!

ఇంకో చిక్కు. మన ఊళ్ళలో మందు అంటే "అన్నం తిన్నాక" అనే అలవాటు. ఈ మాత్ర మామూలుగా అన్నానికి అరగంట ముందైనా వేయాలి. పప్పు, పాలు, గుడ్డు, మాంసంలోని ప్రోటీన్ దీనికి అడ్డుపడుతుంది. ఐరన్ మాత్ర కూడా అంతే, రెండిటికీ మధ్య వ్యవధి కావాలి. వికారంగా ఉంటే బిస్కెట్‌తో వేయొచ్చేమో డాక్టర్‌ను అడగండి. తాత వేళలు ఆరు, పదకొండు, నాలుగు, తొమ్మిది. నాయనమ్మ ఫోన్‌లో నాలుగు అలారాలు పెట్టాను. (సర్వర్లకు ఇలాంటివి రోజూ రాస్తాను, ఇంటికి రాయడానికి ఆరేళ్ళు పట్టింది.)

దూలగొండి గింజల పొడి గురించి చాలామంది అడుగుతారు. అందులో లెవోడోపా ఉన్నమాట నిజమే. 1937లోనే మద్రాసులో ఆ గింజల నుంచి దాన్ని వేరుచేశారు. కానీ ఏ పొడిలో ఎంత ఉందో తెలియదు. మాత్రల మీద అదీ వేస్తే మోతాదు ఎక్కువై మనుషులు లేనిచోట కనిపించడం, ఒళ్ళు వంకర్లు తిరగడం జరగొచ్చు. డాక్టర్‌కు చెప్పకుండా వాడకండి. వాంతులకు ఎవరైనా సూది వేయబోతే "పార్కిన్సన్స్ ఉంది, మెటోక్లోప్రమైడ్ వద్దు" అని ముందే చెప్పండి. అది ఈ జబ్బును ఎక్కువ చేస్తుంది.

ఇక గడప. తాత నట్టింట్లో బాగానే నడుస్తాడు, గడప దగ్గరికి రాగానే కాళ్ళు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతాడు. నాయనమ్మ చెయ్యి పట్టి లాగేది, ఆయన ముందుకు తూలేవాడు. లాగకూడదు. ఇద్దరూ ఆగి, ఊపిరి తీసుకుని, ఒక గీత దాటినట్టు పెద్ద అడుగు వేయించాలి. గడపకు ఇటూ అటూ అడుగు దూరంలో ముగ్గుపిండితో అడ్డగీతలు వేయమన్నాను. ఇప్పుడు రోజూ ముగ్గుతో పాటే అవీ వేస్తుంది. చిడతల తాళం కూడా పనిచేస్తుంది. భజన ఊపులో అడుగు సులువుగా పడుతుంది, ఫిజియోథెరపిస్టులు వాడే పద్ధతే ఇది. చొక్కా గుండీలు మాత్రం ఆయన్నే పెట్టుకోనివ్వాలి. పది నిమిషాలు పట్టినా సరే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది వేరే. "మీ తాత నా మొహం చూసి నవ్వి రెండేళ్ళయింది, ఏం కోపమో" అంది నాయనమ్మ ఒకసారి. కోపం కాదు. ఈ జబ్బులో మొహం కండరాలు కూడా బిగుసుకుంటాయి, గొంతు సన్నబడుతుంది. లోపల నవ్వుతున్నా బయటకు రాదు. ఇది చెప్పాక ఆమె తాత దగ్గరికెళ్ళి, "ఏమయ్యా, కోపమేం లేదంట గదా?" అని అడిగింది. తాత చాలాసేపటికి "నీ మీదెందుకే" అన్నాడు. పక్కన కూర్చుంటే గానీ వినపడలేదు.

మార్కాపురం, గిద్దలూరు వైపు ఒళ్ళు బిగిస్తే "ఫ్లోరిన్ నీళ్ళు" అని సరిపెట్టుకుంటాం. మాకూ మొదటి ఏడాది అలాగే పోయింది. కూర్చున్నప్పుడు ఒక చెయ్యి వణకడం, అక్షరాలు చిన్నవైపోవడం, వాసన తెలియకపోవడం ఉంటే న్యూరాలజీ డాక్టర్‌కు చూపించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఆ విభాగం ఉంది. గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు స్టేషన్ల మీదుగా గుంటూరుకు రైలుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్ కూడా ఉంది. కాబట్టి సదరం పరీక్షకు సచివాలయంలో అడగండి.

ఆమె విశ్రాంతి సంగతి నేను ఆలస్యంగా ఆలోచించాను. మూడేళ్ళుగా నాయనమ్మ మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళలేదు, తాతను ఎవరు చూస్తారని. ఇప్పుడు నెలలో ఒక శనివారం నేను ఊరికొచ్చి తాత దగ్గర ఉంటున్నాను. మొదటిసారి ఆమె బస్సెక్కి పది నిమిషాలు కాకముందే ఫోన్ చేసింది: "పదకొండు గంటల మాత్ర ఏసినావా?"

జై శ్రీమన్నారాయణ.