నల్లరేగడిలో నలుగురి శ్రుతి

వైప్పారు నది యొడ్డున, నల్లరేగడి నేలల నడుమ నున్న వెంబకోట్టై ప్రాంతమునుండి శివకాశికిని, సాత్తూరునకును, కోవిల్పట్టికిని కళాశాల చదువులకై బస్సులలో పోవు యువకులలో, ఇంట తెలుగును, వీథిలో తమిళమును, పరీక్షలో ఆంగ్లమును వాడువారు కలరు. వారిలో నలుగురు కూడి ఒక గిటారును, ఒక హార్మోనియమును, ఒక తాళవాద్యమును సమకూర్చుకొని, విద్యుత్తుతో పనిలేని పాటల బృందము, అనగా నేడు అకూస్టిక్ బ్యాండని పిలువబడునది, పెట్టుకొనదలచినచో, పెద్దలు చదువు చెడుననియే భయపడుదురు. ఆ భయము నిరాధారమని నేననను. కాని వ్యక్తిత్వ వికాసమును గూర్చి వేదికలపై సాగు దీర్ఘోపన్యాసములకంటె అట్టి బృందములో గడచు ఒక సంవత్సరము యువకునకు ఎక్కువ నేర్పునని నా విశ్వాసము. ఏలయన, తాను శబ్దము చేయుచునే ఎదుటివాని శబ్దమును వినుట యను దుర్లభమైన శిక్షణ మరియొకచోట సులభముగా దొరకదు.

ఈ సీమకు సంగీతము క్రొత్తది కాదు. కోవిల్పట్టికి సమీపముననున్న ఎట్టయపురమునందే ముత్తుస్వామి దీక్షితులు 1835లో దేహము చాలించిరి. సుబ్బరామ దీక్షితులు రచించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' యను మహాగ్రంథము తెలుగు లిపిలో 1904లో ఆ యూరనే అచ్చైనది. అంతకంటె మన విషయమునకు దగ్గరగా వచ్చువారు ఇడైసెవల్ గ్రామమునకు చెందిన ఇరువురు బాల్యమిత్రులు, కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి. తెలుగు కుటుంబమున పుట్టి తమిళ కథకుడైన రాజనారాయణన్‌కును, ఆయన మిత్రునకును యౌవనమున సంగీతముపై గల మక్కువ యింతింతనరానిది. ఒకే రాగమును గంటల తరబడి విస్తరించుటలో పేరొందిన విళాత్తికుళం స్వామిని వారాశ్రయించిరి. ఇరువురును గాయకులు కాలేదు, రచయితలైరి. ఇరువురి రచనలకును సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. అయినను ఆ సంగీతాభ్యాసము వృథా పోయినదని యెవ్వరనగలరు? కరిసల్, అనగా నల్లరేగడి, సీమ పల్లీయుల నోటి మాటలను ఏరికూర్చి రాజనారాయణన్ ఒక మాండలిక నిఘంటువునే నిర్మించెను. రాగములోని సూక్ష్మభేదమును పట్టుటకు అలవడిన చెవియే పొలము గట్టుపై పలుకు యాసను కూడ పట్టినదని నేను తలచుచున్నాను.

ఇక బృందము పనిలోనికి వత్తము. మొదటి చిక్కు శ్రుతి. మగపిల్లవాని కంఠమునకు సాధారణముగా ఒకటి, ఒకటిన్నర శ్రుతి కుదురును. ఆడపిల్ల కంఠమునకు ఐదు, ఐదున్నర కావలెను. గిటారుపై కాపో యను బిగింపును ఒక్కొక్క మెట్టు పైకి జరిపినకొలది అర్ధస్వరము చొప్పున శ్రుతి హెచ్చును గనుక, ఆ వాద్యగానికి కొంత వెసులుబాటు కలదు. హార్మోనియము వాడు వ్రేళ్ళను క్రొత్త మెట్లకు అలవరచుకొనవలెను. తాళమునకు ఘటము నెంచుకొన్నచో, మానామదురై కుమ్మరి యొద్ద కుండ కొనునాడే దాని శ్రుతి నిశ్చయమైపోవును. వేసవి వేడికి లోహపు తంతులు సడలి దిగజారుట వేరొక బాధ. కావున ఒక్క పల్లవియైన పాడకముందే నలుగురును ఒకరినొకరు "నీకెంత సౌకర్యము?" అని యడుగవలసివచ్చును. ఇంటిలో తోబుట్టువుల నెన్నడును అట్లడిగి యెరుగని పిల్లవాడు ఇచ్చట అడుగును.

రెండవ చిక్కు బలము. మైకులున్న వేదికపై ఎవని శబ్దము తగ్గినను బొత్తాము త్రిప్పువాడు సరిచేయును; ఇచ్చట నట్టివాడు లేడు. గిటారు గొంతు చిన్నది, తాళవాద్యమునకు హస్తలాఘవము కంటె హస్తనిగ్రహ మెక్కువ కావలెను. బృందములో మిక్కిలి మెల్లనైన కంఠమే తక్కినవారి బలమునకు హద్దు. బాణసంచాకు లోకప్రసిద్ధమైన ఈ శివకాశి సీమలో మెల్లగా వాయించుట నేర్పుట హాస్యాస్పదముగా తోచవచ్చును గాని, అదియే అవసరము. సాధన పిమ్మట ఫోనులో పట్టిన పాటను నలుగురును కూర్చుండి వినిన యెడల, తానెచ్చట మితిమీరెనో ఎవరును వేలెత్తి చూపకయే ప్రతివానికి తెలియును. స్నేహితుని మాటను కాదనవచ్చును, తన వాద్యమును కాదనలేడు గదా.

నాయకత్వమును గూర్చి మద్రాసునుండి ఒక నిదర్శనము. ఇంజనీరింగు చదువునకై ఆ నగరము చేరిన నెల్లూరు సీమ యువకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము, 1964లో తెలుగు సంస్థవారి పాటల పోటీలో బహుమతి నందిన పిదప, ఒక లలిత సంగీత బృందమునకు నాయకుడయ్యెను. అందులో అనిరుద్ధ హార్మోనియమును, ఇళయరాజా గిటారును, తరువాత హార్మోనియమును, భాస్కర్ తాళవాద్యమును, గంగై అమరన్ గిటారును వాయించెడివారు. 1976లో 'అన్నక్కిళి'తో ఇళయరాజా సంగీత దర్శకుడైన పిమ్మట, నాటి నాయకుడే ఆయన నిర్దేశమున లెక్కకు మిక్కిలి పాటలు పాడెను. ముందు నిలుచుట, ప్రక్కన నిలుచుట యనునవి బృందములో శాశ్వతపదవులు కావని యెరిగినవారికే ఇది సాధ్యము. నేటి కళాశాలలలో పెక్కు బృందములు పాట చాలక గాక, పేరు ఎవరిది ముందు వ్రాయవలెనను తగవుతోనే విచ్ఛిన్నమగుచున్నవి.

డబ్బును గూర్చి చెప్పవలసినది స్వల్పము: వచ్చిన పారితోషికమును తీగలకును బస్సు ఛార్జీలకును ముందు తీసి, మిగిలినది సమముగా పంచుకొనుడు. పరీక్షల నెలలో సాధన మానుడు. పాట ఏ భాషదన్న వాదమును పెట్టుకొనకుడు. అమ్మమ్మ పాడిన తెలుగు పాటయు, బస్సులో విన్న తమిళ పాటయు ఒక్క సాయంకాలమున ఇముడును.

కావున, వెంబకోట్టై చెంత బస్సెక్కు మిత్రులారా, ఈ సెలవులలోనే కూడుడు. గిటారు అరువుదైనను సరియే. గట్టిగా పాడువాడు ఎట్లును వచ్చి చేరును. తాళము తప్పక లెక్కించుచు వెనుక బెంచీలో మౌనముగా కూర్చుండువానిని మాత్రము మీరే పోయి పిలుచుకొని రండు.