బదిలీలో మరిచిన ఫైలు

పిల్లలూ,

బదిలీ ఉత్తర్వు రాగానే ఇంట్లో సామాను సర్దుతారు, స్కూల్లో మీ టీసీ తీసుకుంటారు. మరి ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల పరీక్షల కాగితాలు ఎవరు సర్దుతారు?

మా ఇంట్లో ఎవరూ సర్దలేదు. నాకు ఈ దీవులకు బదిలీ అయినప్పుడు అమ్మ నాతో వచ్చింది. ఆమెకు మధుమేహం. ఫైలు ఏ పెట్టెలోనో ఉండిపోయింది. మాత్రలు వేసుకుంటోంది కదా అని ఊరుకున్నాం. ఒకరోజు హోప్ టౌన్ ఒడ్డున చెప్పుల్లేకుండా నడుస్తుంటే అరికాలిలో పగడపు రాయి ముక్క గుచ్చుకుంది. ఆమెకు నొప్పే తెలియలేదు! మూడో రోజు గచ్చు మీద తడి మరకలు చూశాకే పుండు బయటపడింది. ఫెర్రీలో నీళ్లు దాటి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

“పాదాలు, కళ్లు చివరిసారి ఎప్పుడు చూపించారు?” అని డాక్టరుగారు అడిగారు. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. పుండు మానడానికి వారాలు పట్టింది.

నొప్పి ఎందుకు తెలియలేదు? రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతిని, పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కంటిలోని సన్నని రక్తనాళాలు, మూత్రపిండాలు కూడా చడీచప్పుడు లేకుండా పాడవుతాయి. అందుకే బాధ లేకపోయినా పరీక్షలు చేయించాలి.

రోజూ: అరికాళ్లు, వేళ్ల సందులు చూడాలి. చెప్పులు దులిపి తొడుక్కోవాలి.

3 నుంచి 6 నెలలకోసారి: హెచ్‌బీఏ1సీ పరీక్ష. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. దానికి అంటిన చక్కెరను బట్టి గడిచిన రెండు మూడు నెలల సంగతి తెలుస్తుంది.

ఏడాదికోసారి: కంటి రెటీనా, మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్ట్రాల్, పాదాల స్పర్శ.

డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ: బీపీ.

ప్రయాణంలో ఫైలు, మందులు, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. వణుకు, చెమటలు వస్తే చక్కెర పడిపోయిందేమో చూడాలి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891 నవంబర్ 14న పుట్టారు. అందుకే మన బాలల దినోత్సవం నాడే ప్రపంచ మధుమేహ దినం కూడా.

ఇప్పుడు అమ్మ పరీక్షల తేదీలు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. తరువాతి ఊరికి మొదట సర్దేది దాన్నే.

అభ్యాసం
1. అమ్మకు నొప్పి ఎందుకు తెలియలేదు?
2. పర్యాయపదాలు రాయండి: సముద్రం, నేత్రం, పాదం.
3. మీ ఇంట్లోగాని, పక్కింట్లోగాని షుగర్ ఉన్న పెద్దవారిని అడిగి, వారి పరీక్షల తేదీల పట్టిక తయారుచేసి వారికే ఇవ్వండి.