విధాన నిర్ణయంలో రైతు మాట – ధుండి గ్రామ అనుభవం

డీజిల్ ఇంజను ఒక లీటరు ఇంధనం కాల్చినప్పుడు సుమారు 2.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. లీటరు డీజిల్ కిలో బరువైనా ఉండదు కదా, దాని పొగ అంత బరువు ఎట్లా తూగుతుందని ఒక రుణగ్రహీత నన్ను నిలదీశారు. ఇంధనంలోని బొగ్గు గాలిలోని ఆమ్లజనితో కలియడమే అందుకు కారణం. అయితే ఆయన అసలు బాధ పొగ గురించి కాదు, డీజిల్ ఖర్చు గురించి. సోలార్ పంపుతో ఆ రెండూ తగ్గుతాయి. కాని ఆ పంపు మీకు లాభిస్తుందా లేదా అన్నది కొంతవరకు ప్రభుత్వ విధానంపై ఆధారపడి ఉన్నది.

ఎండకు వెల లేదు. కనుక పంపు బిగించిన తరువాత నీరు తోడటానికి ఖర్చు ఉండదు. ఖర్చు లేని నీటిని అవసరానికి మించి తోడితే బోరు అడుగంటుతుంది. తడి అవసరం లేని రోజులలో పలకలు ఊరికే ఎండలో పడి ఉంటాయి, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. మిగులు కరెంటును విద్యుత్ సంస్థ కొన్నట్లయితే ఈ చిక్కులు చాలావరకు తీరుతాయి. తోడని నీరు కూడా రైతుకు ఆదాయమే అవుతుంది.

గుజరాత్‌లోని ఖేడా జిల్లా ధుండి గ్రామంలో 2016లో ఈ పని చేసి చూపారు. డీజిల్ ఇంజన్లపై ఆధారపడిన ఆరుగురు రైతులు, అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ తోడ్పాటుతో, సౌరశక్తి ఉత్పత్తిదారుల సహకార సంఘంగా ఏర్పడినారు. మిగులు విద్యుత్తును యూనిట్‌కు రూ. 4.63 చొప్పున 25 సంవత్సరాలు కొనడానికి ప్రాంతీయ విద్యుత్ సంస్థ ఒప్పుకున్నది. అందుకు ప్రతిగా రైతులు అదే 25 సంవత్సరాలు రాయితీ కరెంటు కనెక్షన్ అడిగే హక్కును వదులుకున్నారు. నా దృష్టిలో కిటుకు ఇక్కడే ఉన్నది. వారు కేవలం సహాయం అర్థించలేదు, ప్రభుత్వానికి మిగిలే రాయితీని చూపి బేరమాడినారు. పెట్టుబడిలో అధికభాగం తోడ్పడిన సంస్థదే అన్న సంగతి కూడా మరువరాదు.

2018లో గుజరాత్ ప్రభుత్వం 'సూర్యశక్తి కిసాన్ యోజన' ప్రకటించింది. 2019లో ప్రారంభమైన కేంద్ర కుసుమ్ పథకంలోనూ కరెంటు మోటార్లను సౌరీకరించి మిగులు అమ్ముకునే భాగం చేరింది. ఇదంతా ఆ ఆరుగురి వల్లనే జరిగిందని నేను అనను. కాని విధానం రచించేవారి ముందు అప్పటికే ఒక గ్రామం మీటరు లెక్క ఉన్నది. 2020లో రిజర్వు బ్యాంకు ఇటువంటి సౌరీకరణకు రైతులకిచ్చే రుణాలను ప్రాధాన్యతా రంగంలో చేర్చింది.

మన రాష్ట్రాల సంగతి వేరు. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉన్నచోట రైతుకు మిగిలే బిల్లు లేదు. రాయితీ భారం మాత్రం ఖజానా మోస్తున్నది. కనుక మీరు అడగదగినవి పగటిపూట సరఫరా, మీ ఫీడరుకు సోలార్ కేంద్రం, వాడని యూనిట్లకు చెల్లింపు. అడిగే చోటు కూడా ఉన్నది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, చార్జీల ప్రతిపాదనను విద్యుత్ సంస్థ ప్రకటించాలి, ప్రజల సూచనలను, అభ్యంతరాలను నియంత్రణ మండలి పరిశీలించిన పిమ్మటనే ఉత్తర్వు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు మండళ్లున్నాయి. లేఖ వ్రాయడానికి వకీలు అవసరం లేదు. పత్రికా ప్రకటనలోని గడువు దాటకుండా చూసుకుంటే చాలు.

'రైతును ఆదుకోండి' అని మాత్రమే వ్రాసిన లేఖతో మండలి చేయగలిగేది తక్కువ. ఫీడరు పేరు, మోటారు హెచ్‌పీ, కరెంటు వచ్చిన గంటలు, అందులో రాత్రివి ఎన్ని, కాలిన మోటార్లు ఎన్ని – ఇవి వ్రాయండి. డీలర్లు ఒక మేలు చేయవచ్చును. అమ్మిన సోలార్ పంపు చెడి ఎన్ని రోజులు ఆగినది, విడిభాగం ఎన్నాళ్లకు వచ్చినది మీ రిజిస్టరులో ఉంటుంది. అది అమ్మకానికి ఇబ్బందిగా తోచినా దాచవద్దు, రైతుల లేఖకు జతచేయండి.

నన్ను నిలదీసిన ఆ రైతు ఇంజను పక్కన ఒక నోటుపుస్తకం వ్రేలాడదీసి, పోసిన ప్రతి లీటరు వ్రాస్తున్నారు. మూడు నెలల లెక్క పూర్తయింది. వచ్చే ప్రకటన కొరకు ఎదురుచూస్తున్నారు.