పలు స్విచ్‌ల మధ్య వీల్యాన్‌ల ఏర్పాటు

నేడు కంప్యూటరు లేని కళాశాల అరుదు. కార్యాలయమునందు విద్యార్థుల మార్కులు, ఉపకార వేతనముల దరఖాస్తులు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరములు కంప్యూటరులోనే భద్రపరచబడుచున్నవి. ప్రయోగశాలలో విద్యార్థులు అభ్యాసము చేయుచున్నారు. గ్రంథాలయపు పుస్తకముల పట్టికయు కంప్యూటరునకే చేరినది. ఈ మూడు చోట్ల యంత్రములును తరచుగా ఒకే నెట్‌వర్కునకు కలుపబడి యుండును. అనగా కార్యాలయపు తలుపునకు ఎంత గట్టి తాళము వేసినను, కేబుల్ మార్గమున ఆ గదికి దారి తెరచియే యున్నదన్నమాట. ఈ దారిని క్రమబద్ధము చేయు ఉపాయములలో వీల్యాన్ మొదటిది. దానిని ఒక స్విచ్‌పై ఏర్పరచుట సులభము. వేర్వేరు భవనములలోని స్విచ్‌లపై ఏర్పరచునపుడే పొరపాట్లు దొరలును. ఆ పద్ధతిని, ఆ పొరపాట్లను విద్యార్థులకును, కళాశాల కమిటీ సభ్యులకును తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

స్విచ్ స్వభావము

ఈథర్నెట్ అను విధానము 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమునందు రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ మొదలగువారి కృషివలన రూపొందినది. తొలుత యంత్రములన్నియు ఒకే కేబుల్‌ను పంచుకొనెడివి. తరువాత వచ్చిన స్విచ్, ఏ పోర్టున ఏ యంత్రమున్నదో గమనించి గుర్తుంచుకొని, ఫ్రేము అనబడు సమాచారపు పొట్లమును తగిన పోర్టునకు మాత్రమే పంపును. అయితే గమ్యము తెలియని ఫ్రేమును, అందరినీ ఉద్దేశించిన ఫ్రేమును మాత్రము అన్ని పోర్టులకును పంపక తప్పదు. ఈ రెండవ దానిని బ్రాడ్‌కాస్టు అందురు. “ఈ చిరునామా గల యంత్రము ఎవరు?” అని ఒక కంప్యూటరు వేయు కేక, ఒకే నెట్‌వర్కున 300 యంత్రములున్నచో తక్కిన 299 యంత్రములకును వినబడును. యంత్రములు పెరిగిన కొలది ఈ సందడియు పెరుగును.

ఈథర్నెట్‌ను పెద్ద నెట్‌వర్కులకు విస్తరింపజేయుటెట్లను సమస్యపై 1980ల దశకమున బెల్‌కోర్ సంస్థయందు డేవిడ్ సింకోస్కీ కృషి చేసెను. వీల్యాన్ భావనకు మూలము ఆ కృషియే. 1998లో ఐ.ఇ.ఇ.ఇ. సంస్థ ప్రకటించిన 802.1క్యూ ప్రమాణము వలన వేర్వేరు కంపెనీల స్విచ్‌లు ఒకే పద్ధతిని అనుసరించుటకు వీలు కలిగినది.

వీల్యాన్ అనగా వర్చువల్ లోకల్ ఏరియా నెట్‌వర్క్. 24 పోర్టుల స్విచ్‌లో మొదటి 8 పోర్టులకు 10 అను సంఖ్యను, తక్కిన 16 పోర్టులకు 20 అను సంఖ్యను ఇచ్చితిమనుకొందము. అప్పుడు ఆ ఒక్క స్విచ్ రెండు స్విచ్‌లవలె పనిచేయును. 10లో వేసిన కేక 20కి వినబడదు.

ట్రంకు, టాగ్

మూడు వీల్యాన్‌లు రెండు భవనములలో వ్యాపించి యున్నచో, నడుమ మూడు కేబుళ్లు వేయవలెనా? అవసరము లేదు. రైలు తపాలా పెట్టెను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. అనేక ఊళ్ల సంచులు ఒకే పెట్టెలో ప్రయాణము చేయును. ప్రతి సంచికి దాని ఊరి పేరు గల చీటీ కట్టబడి యుండును. దించువారు ఆ చీటీని చూచి ఏ ఊరి సంచిని ఆ ఊరికి చేర్తురు. స్విచ్‌ల నడుమ గల అట్టి ఉమ్మడి మార్గమునకు ట్రంకు అనియు, ఫ్రేమునకు తగిలించు చీటీకి టాగ్ అనియు పేర్లు.

ఈ టాగ్ పరిమాణము 4 బైట్లు. మొదటి 2 బైట్లలో “ఇది టాగ్ గల ఫ్రేము” అని తెలుపు గుర్తు ఉండును. హెక్సాడెసిమల్ పద్ధతిలో అది 8100. తక్కిన 16 బిట్లలో 3 బిట్లు ప్రాధాన్యమును, 1 బిట్ రద్దీ సమయమున ఫ్రేమును విడిచిపెట్టవచ్చునా అను సంగతిని, 12 బిట్లు వీల్యాన్ సంఖ్యను తెలుపును. 12 బిట్లతో 4096 సంఖ్యలు ఏర్పడును. వానిలో 0, 4095 ప్రత్యేకింపబడినందున 4094 వీల్యాన్‌లు మాత్రమే సాధ్యము. టాగ్ చేరుట వలన ఫ్రేము గరిష్ఠ పరిమాణము 1518 బైట్ల నుండి 1522 బైట్లకు పెరుగును.

కంప్యూటరునకు సాధారణముగా ఈ టాగ్‌తో పని లేదు. అందుచేత కంప్యూటరును కలుపు పోర్టు, అనగా యాక్సెస్ పోర్టు, టాగ్‌ను తీసివేసి ఫ్రేమును అందించును.

ఒక ఉదాహరణము

ఒక కళాశాలలో మూడు భవనములు వరుసగా నున్నవనుకొందము: కార్యాలయము, గ్రంథాలయము, ప్రయోగశాల. ఒక్కొక్క దానియందు ఒక్కొక్క స్విచ్ కలదు. కార్యాలయపు కేబుల్ గ్రంథాలయమునకును, అచ్చటి నుండి మరియొక కేబుల్ ప్రయోగశాలకును పోవుచున్నవి. పరీక్షల విభాగపు రెండు యంత్రములు స్థలాభావముచే ప్రయోగశాల పై అంతస్తులో నున్నవి. అవి కార్యాలయపు నెట్‌వర్కులోనే ఉండవలెను.

మొదటి పని కాగితముపై చేయవలెను. 10 కార్యాలయము, 20 ప్రయోగశాల, 30 గ్రంథాలయము అని వ్రాసి, ఏ స్విచ్‌లో ఏ పోర్టు దేనికి చెందునో పట్టిక వేయవలెను. వానికి 192.168.10.0, 192.168.20.0, 192.168.30.0 అను వేర్వేరు చిరునామా శ్రేణులను కేటాయించవలెను.

రెండవది, మూడు స్విచ్‌లపైనను ఈ వీల్యాన్‌లను సృష్టించుట. మూడవది, పట్టికను అనుసరించి యాక్సెస్ పోర్టులకు సంఖ్యలనిచ్చుట. నాలుగవది, స్విచ్‌లను కలుపు పోర్టులను రెండు కొసలయందును ట్రంకులుగా చేసి, ఏ వీల్యాన్‌లకు అనుమతి యున్నదో తెలుపుట.

ఐదవది, టాగ్ లేని ఫ్రేముల సంగతి. ట్రంకుపై టాగ్ లేకుండ వచ్చిన ఫ్రేము ఏ వీల్యాన్‌కు చెందునో ముందుగానే నిర్ణయింపబడి యుండును. దానిని నేటివ్ వీల్యాన్ అందురు. ఎవ్వరును వాడని ఒక సంఖ్యను, ఉదాహరణకు 99ని, రెండు కొసలయందును ఒకే విధముగ నిర్ణయించుట మేలు.

ఆరవది, వీల్యాన్‌ల నడుమ రాకపోకలు. ఇది రౌటరు గాని, రౌటరు పని చేయగల స్విచ్ గాని చేయవలసిన పని. ఇచ్చట నియమములు వ్రాయనిచో అది అన్ని నెట్‌వర్కులను మరల కలిపివేయును. అంతవరకు పడిన శ్రమ వృథా యగును. ప్రయోగశాల నుండి గ్రంథాలయపు పట్టికకు అనుమతి ఉండవచ్చును, కార్యాలయమునకు ఉండరాదు.

ఏడవది పరీక్ష. చేరవలసినది చేరుచున్నదా అని మాత్రమే గాక, చేరరానిది చేరకయున్నదా అనియు చూడవలెను. రెండవ పరీక్షను పలువురు మరచెదరు.

సంభవించు పొరపాట్లు

పై ఉదాహరణములో గ్రంథాలయమున కార్యాలయపు యంత్రము ఒక్కటియు లేదు. కావున “ఈ స్విచ్‌పై 10 ఎందులకు?” అని తోచుట సహజము. ఈ వ్యాసకర్త ఒక సంస్థయందు సరిగా ఈ పొరపాటే చేసెను. రెండు కొసల స్విచ్‌లును సరిగానే యున్నవి. పరీక్షల విభాగపు యంత్రములు మాత్రము కార్యాలయమునకు చేరవు. కేబుల్ మార్చి, పోర్టు మార్చి, ఒక పూట గడచిన పిదప, నడిమి స్విచ్‌కు 10 అను సంఖ్యయే తెలియదని బయటపడినది. మార్గమధ్యపు స్టేషనువారు ఆ ఊరి పేరునే ఎరుగనిచో సంచి అచ్చటనే ఆగిపోవును గదా! ప్రయాణ మార్గములోని ప్రతి స్విచ్‌పైనను వీల్యాన్ ఉండవలెను.

రెండవ పొరపాటు ఇంతకంటె ప్రమాదకరము. ఒక కొసన నేటివ్ వీల్యాన్ 10గాను, రెండవ కొసన 20గాను ఉన్నచో, కార్యాలయపు ఫ్రేములు టాగ్ లేకుండ బయలుదేరి ప్రయోగశాల నెట్‌వర్కున ప్రవేశించును. మొదటి పొరపాటు వలన పని ఆగును గనుక దానిని వెదకుదుము. దీని వలన పని ఆగకపోవచ్చును. ఎవ్వరికిని తెలియకుండ గోడకు కన్నము పడును.

మూడవది, రెండు స్విచ్‌లను పొరపాటున రెండు కేబుళ్లతో కలుపుట. బ్రాడ్‌కాస్టు ఫ్రేములు వలయాకారమున తిరుగుచు నెట్‌వర్కును స్తంభింపజేయును. 1985లో రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి దీనిని నివారించును. దానిని ఆపివేయరాదు.

నాలుగవది అల్పముగా తోచును గాని మన ఊళ్లలో ముఖ్యము. అనేక స్విచ్‌లలో చేసిన మార్పులను ప్రత్యేకముగా సేవ్ చేయనిచో, కరెంటు పోయి వచ్చిన వెంటనే అవి మాయమగును.

కమిటీవారికి విన్నపము

అన్ని స్విచ్‌లును వీల్యాన్‌లను ఏర్పరచలేవు. ధర తక్కువయని కొన్న సాధారణ స్విచ్ నెట్‌వర్కును విభజింపలేదు. మేనేజ్డ్ తరగతి స్విచ్ అవసరము. కొనుగోలు సమయమున ఈ భేదమును గమనింప ప్రార్థన. వాడని పోర్టులను మూసివేయించి, స్విచ్‌లతో వచ్చిన పాస్‌వర్డులను మార్పించవలెను. పైన చెప్పిన పట్టిక ప్రతి ఒకటి కార్యాలయపు ఫైలులో నుండవలెను. ఏర్పాటు చేసిన అధ్యాపకుడు బదిలీయై పోయినపుడు ఆ జ్ఞానము కూడ బదిలీ కారాదు.

వీల్యాన్ గోడ వంటిదే గాని, పెట్టెకు వేసిన తాళము వంటిది కాదు. అది సమాచారమును రహస్య లిపిలోనికి మార్చదు. చెడు ప్రోగ్రాములను పట్టుకొనదు. అయినను గోడలు లేని ఇంట పెట్టెకు తాళము వేసి ప్రయోజనమేమి? విద్యార్థి మిత్రులారా, ఉపకార వేతనమునకు దరఖాస్తు చేయునపుడు మీ తండ్రిగారి ఆదాయమును, మీ ఖాతా సంఖ్యను నమ్మకముతో కళాశాలకు అప్పగించుచున్నారు. ఆ నమ్మకమును నిలుపు విద్యను మీలో కొందరైనను నేర్చి, రేపు ఈ కళాశాల స్విచ్‌లను మీరే సరిదిద్దగలిగినచో ఈ వ్యాసము సార్థకమగును.