నిర్దయ: ఎక్కడ అనాలి, ఎక్కడ అనకూడదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్యనే నా బతుకంతా గడిచింది. కోపమొస్తే మన నోట ముందు వచ్చే మాట ‘దయలేనోడు’. రాతలో నిర్దయుడు, నిర్దాక్షిణ్యం. చాలా బరువైన మాట. దాన్ని వాడే తీరు గురించి నేను నేర్చుకున్నది పిల్లలకు చెబుతున్నాను.

1. కఠినం వేరు, నిర్దయ వేరు.
ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందని ఆరబెట్టుకు రమ్మంటే అది కఠినం. ఆ నియమం అందరికీ ఒకటే. మబ్బు పట్టింది, పచ్చి వడ్ల ట్రాక్టరును రైతు వెనక్కి తీసుకుపోలేడని తెలిసి మిల్లు గేటు దగ్గర ధర తెగ్గోస్తే అది నిర్దయ.

2. భయపడ్డవాణ్ని ఆ మాట అనొద్దు.
65వ జాతీయ రహదారి మీద ప్రమాదం చూసి ఆగనివాళ్లలో చాలామందిది పోలీసుల భయం, కోర్టుల భయం. ఆ భయం తీర్చడానికే సాయం చేసేవాళ్లను కాపాడే మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఇది నలుగురికీ చెప్పండి. తెలిసి కూడా 108కి ఫోన్ చేయకుండా వీడియో తీసేవాడికి మాత్రం ఆ మాట తగినదే.

3. ముందు పనిని అనండి.
‘నిర్దయగా మాట్లాడావు’ అంటే మనిషి ఆలోచిస్తాడు. ‘నువ్వు నిర్దయుడివి’ అంటే ఎదురు తిరుగుతాడు.

4. ఆచారంలోనూ నిర్దయ ఉంటుంది.
నిజాం కాలంలో మన పల్లెలు చేసిన వెట్టిచాకిరీ ఒక్క దొర గుణం కాదు, ఊరూరా నడిచిన పద్ధతి. కులం పట్టింపూ అలాంటిదే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న యువకుణ్ని, గర్భవతి అయిన భార్య కళ్లెదుటే చంపించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు దోషులకు శిక్షలు వేసింది. అలాంటి హత్యకు ‘పరువు’ అని పేరు పెట్టకండి. దాని పేరు నిర్దయ.

5. పైచేయి మనదైనప్పుడే పరీక్ష.
కూలి ఇచ్చేటప్పుడు, బాకీ అడిగేటప్పుడు, మంచం పట్టిన పెద్దవాళ్లకు అన్నం పెట్టేటప్పుడు ఎదుటివాళ్లు మనల్ని ఏమీ అనలేరు. అక్కడ మన నడత మనమే చూసుకోవాలి.