ఆకు నుంచి కుండీ దాకా రణపాల

సక్యులెంట్లు పెంచాలని సరదాపడేవాళ్లు చాలామంది నర్సరీకి వెళ్లి ఎచివేరియా కొనుక్కొస్తారు. రేకులు పేర్చినట్టుండే ఆ మొక్క చూడముచ్చటగానే ఉంటుంది. కానీ దాని పుట్టిల్లు మెక్సికో కొండలు. పగలు ఎండ, రాత్రి చల్లదనం దానికి అలవాటు. మన మే నెల రాత్రుల ఉక్క, జులై ముసురు దానికి సరిపడవు. కొన్నాళ్లకి మొదలు కుళ్లి, ఆకులు ఒక్కొక్కటే రాలిపోతాయి. కొన్నవాళ్లు 'నా చేతికి మొక్కలు బతకవు' అనుకుని ఊరుకుంటారు.

వాళ్ల చేతిలో ఏ దోషమూ లేదు. పాఠం కష్టమైన చోట మొదలుపెట్టారంతే. నన్నడిగితే మొదట రణపాలను పెంచమంటాను. ఇదీ సక్యులెంటే. మడగాస్కర్ నుంచి వచ్చి మన పెరళ్లలో స్థిరపడింది. కొనక్కర్లేదు, ఎవరింట్లోనైనా ఒక్క ఆకు అడిగితే చాలు. దీని దగ్గర నీళ్ల లెక్క పట్టుబడితే రేపు జేడ్ మొక్కయినా, అడీనియమ్ అయినా ధైర్యంగా తెచ్చుకోవచ్చు.

ముందు ఆకు సంగతి. మొక్క నడుమ భాగంలోని ముదురాకు తీసుకోండి. చివరనున్న లేతాకుల్లో నిల్వ తక్కువ. అడుగున పసుపు తిరిగినవాటిలో ఉన్నదంతా మొక్క అప్పటికే లాగేసుకుని ఉంటుంది. అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి, అంచున గుండ్రటి నొక్కులు స్పష్టంగా కనిపించాలి. పిల్ల మొక్కలు పుట్టేది ఆ నొక్కుల్లోనే. పెద్ద మొక్కల్లో ఒకే కాడకి మూడో అయిదో ఆకులుంటాయి, వాటిలో ఒకటి తుంచుకున్నా సరిపోతుంది. ఆకు మొక్కను అంటిపెట్టుకుని ఉన్నంతకాలం ఈ మొగ్గలు మామూలుగా కదలవు. తెగి కింద పడిందా, లేస్తాయి. పుస్తకంలో పెట్టి మరిచిపోయినా మొలకలు వస్తాయి. ఆకులో దాచుకున్న నీళ్లే, పిండిపదార్థమే వాటికి తొలి తిండి.

అడుగున చిల్లులున్న వెడల్పాటి ట్రేలో కొబ్బరిపొట్టు, ఇసుక సమంగా కలిపి అంగుళం మందాన పరవండి. చేత్తో పిండితే నీళ్లు కారనంత తడి ఉండాలి. దానిమీద ఆకును వెల్లకిలా పరచండి, అంటే ఈనె ఉబ్బెత్తుగా కనిపించే వైపు కిందికి. పూడ్చకూడదు, అంచులు తడికి తగిలితే చాలు. ఆకు లేచిపోకుండా మధ్యలో చిన్న గులకరాయి పెట్టండి. వెలుతురుండి ఎండ తగలని చోట ఉంచి, పైన ఆరినప్పుడల్లా కాస్త నీళ్లు చిలకరించండి. వారం పది రోజుల్లో నొక్కుల దగ్గర తెల్లటి దారాల్లాంటి వేళ్లు, గోరంత ఆకులు కనిపిస్తాయి. చలికాలంలో ఇంకొంచెం ఆలస్యం.

ఇక్కడ తొందరపడేవాళ్లు ఎక్కువ. పిల్ల కనపడగానే గిల్లి కుండీలో పెడతారు. రెండు మూడు జతల ఆకులు వచ్చేదాకా, తల్లి ఆకు ముడతలు పడి వాలిపోయేదాకా ఆగండి. అప్పటిదాకా అది పిల్లలకు పెడుతూనే ఉంటుంది. ఒక ఆకుకి చాలా పిల్లలొస్తాయి. వాటిలో బలంగా ఉన్న రెండు మూడింటిని మాత్రమే ఉంచుకోండి. మిగతావాటిని ఏం చేయాలో చివర్లో చెబుతాను, అదీ ముఖ్యమైన విషయమే.

కుండీ విషయంలో నాది పాతకాలపు పట్టుదల. రంగు వేయని మట్టి కుండీ, నాలుగంగుళాలది, అడుగున చిల్లున్నది. మట్టి కుండీ గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది కాబట్టి నీళ్లు కాస్త ఎక్కువైనా మొక్క తట్టుకుంటుంది. గాజు గిన్నెలు, పింగాణీ కప్పులు ఫొటోకి బాగుంటాయి. చిల్లు లేని కప్పులో సక్యులెంటు పెట్టి ఇచ్చే బహుమతులు చూస్తే నాకు జాలేస్తుంది. మొక్క చిన్నదిగా ఉండగా పెద్ద కుండీ పెట్టడం కూడా మంచిది కాదు. వేళ్లు పాకని మట్టిలో తడి రోజుల తరబడి నిలిచిపోతుంది.

మట్టి కలపడానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ తీసుకోండి. ఇసుక జల్లించినప్పుడు జల్లెడలో మిగిలే బరక మనకు కావాలి. కిందికి జారే సన్నటి ఇసుక మట్టితో కలిసి గట్టిపడుతుంది. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుంటుంది. నల్లరేగడి మట్టి పొలంలో పత్తికి ఎంత మేలో కుండీలో రణపాలకు అంత చేటు. తడిస్తే బంకలా పట్టేస్తుంది, ఆరితే బీటలు వారి వేళ్లను తెంపుతుంది. నల్లమట్టి తప్ప దొరకని ఊళ్లలో ఎర్ర ఇటుకను బఠాణీ గింజంత ముక్కలుగా కొట్టి, పొడి జల్లించి పారేసి, ఆ ముక్కలు సగం, మిగతా సగం కొబ్బరిపొట్టు, ఎరువు కలుపుకోవచ్చు.

కుండీ అడుగున గులకరాళ్లు పోస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ చెబుతారు. నర్సరీవాళ్లూ అంటారు. అది నిజం కాదు. సన్నటి మట్టిలోంచి నీళ్లు ముతక రాళ్లలోకి తేలిగ్గా దిగవు. మట్టి పూర్తిగా నానేదాకా రాళ్లకి పైనే ఆగుతాయి. అంటే తడి నిలిచే చోటుని వేళ్లకి ఇంకా దగ్గరికి తెచ్చినట్టు. చిల్లు మీద ఒక కుండపెంకు బోర్లిస్తే మట్టి జారిపోకుండా ఉంటుంది, అంతకుమించి అడుగున ఏమీ అక్కర్లేదు. కుండీ నింపాక మొక్క నాటకముందే ఒక గ్లాసు నీళ్లు పోసి చూడండి. పైన మడుగు కట్టకుండా లోపలికి దిగి, కాసేపట్లో కింద నుంచి కారాలి. కారకపోతే మట్టి బయటికి తీసి ఇంకా బరక కలపండి. ఈ ఒక్క పరీక్ష చేసినవాళ్లకి తర్వాత సగం బాధలు ఉండవు.

పిల్లమొక్కను వేళ్లు మునిగేంత మాత్రమే నాటి, మూడు నాలుగు రోజులు నీడలో ఉంచి, ఆ తర్వాత తూర్పు వైపు కిటికీకో బాల్కనీకో మార్చండి. ఉదయం మూడు నాలుగు గంటల ఎండ దీనికి సరిగ్గా సరిపోతుంది. వెలుతురు చాలకపోతే కణుపుల మధ్య దూరం పెరిగి, కాండం సన్నగా సాగి, కిటికీ వైపు వంగుతుంది. ఫ్లాట్లలో హాలు మూలన టీవీ పక్కన పెట్టిన రణపాలలన్నీ ఇలాగే ఉంటాయి. అలా సాగినదాన్ని ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తోస్తే ఆకులు కాలి గోధుమరంగు మచ్చలు పడతాయి. వారం పది రోజులు కొంచెం కొంచెంగా ఎండ పెంచుకుంటూ పోవాలి. ఎండకి అంచులు ఎర్రబడితే కంగారు పడొద్దు, అది తెగులు కాదు, మొక్క తనను తాను కాచుకునే రంగు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పడమటి ఎండ తగలకుండా చూడాలి. ఎండతోపాటు వేడెక్కిన సిమెంటు గోడ కూడా ఆకుల్ని ఉడికిస్తుంది.

ఇక నీళ్లు. రణపాలకు నీళ్లెందుకు తక్కువ కావాలో తెలుసుకుంటే ఎప్పుడు పోయాలో ఎవరినీ అడగనక్కర్లేదు. ఈ సంగతి తెలుసుకున్న కథలో మన సామర్లకోటకి కొంచెం చుట్టరికం ఉంది. 18వ శతాబ్దం చివర్లో అక్కడ ఈస్టిండియా కంపెనీ తోట ఉండేది. విలియం రాక్స్‌బర్గ్ దాన్ని నడిపాడు. ఆయన 1793లో కలకత్తా వెళ్లాక సామర్లకోట తోటలో పనిచేసినవాళ్లలో బెంజమిన్ హైన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఒకడు. దక్షిణ భారతంలో ఏళ్ల తరబడి మొక్కలు సేకరించిన మనిషి. రణపాల ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా ఉంటోందని, మధ్యాహ్నానికి ఏ రుచీ లేకుండా పోతోందని, సాయంత్రానికి కాస్త చేదు తిరుగుతోందని ఆయన గమనించాడు. ఆ సంగతి ఉత్తరంగా రాసి పంపితే లండన్‌లోని లిన్నియన్ సొసైటీ 1815లో తన సంపుటిలో అచ్చువేసింది.

ఆ పులుపు వెనక ఉన్నది ఇది. మామూలు మొక్కలు పగలు ఆకుల్లోని సన్నటి రంధ్రాలు తెరిచి గాలి తీసుకుంటాయి. ఆ రంధ్రాల్లోంచే వాటి నీరు ఆవిరైపోతుంది. రణపాల పగలు చాలావరకు వాటిని మూసుకుని, ఎండ తగ్గాక రాత్రి తెరుస్తుంది. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లారేసరికి ఆకు పుల్లబడేది అందుకే. పొద్దెక్కాక తలుపులు మూసేసి, లోపలున్న నిల్వతోనే పని కానిస్తుంది. పులుపు తరిగిపోతుంది. తర్వాతికాలంలో శాస్త్రజ్ఞులు ఈ పద్ధతికి రణపాల పుట్టిన క్రాసులేసీ కుటుంబం పేరే పెట్టారు. హైన్ నమిలి చూశాడు కదా అని మనం నమలక్కర్లేదు, కారణం ముందుంది.

దీన్నిబట్టి మనకు తేలేదేమిటంటే, ఈ మొక్క పగటి ఎండకి పెద్దగా నీళ్లు పోగొట్టుకోదు. బయట ఎంత ఎండగా ఉందో చూసి చెంబెడు పోసేస్తే ఆ తడిని తాగేవాళ్లుండరు. వేళ్లకి గాలి అందక కుళ్లు మొదలవుతుంది. సక్యులెంట్లు దాహంతో చావడం అరుదు, మన ప్రేమతో చావడమే ఎక్కువ.

పోసే పద్ధతి తేలిక. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే పోయొద్దు. కుండీ చిన్నది కాబట్టి చేత్తో ఎత్తి చూసినా తెలుస్తుంది, తడి కుండీకీ పొడి కుండీకీ బరువులో తేడా నాలుగుసార్లకే చేతికి పట్టుబడుతుంది. పూర్తిగా ఆరిందనుకున్నప్పుడు కింద నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. రోజుకో స్పూను పోయడం కన్నా ఇదే మేలు, వేళ్లు లోతుకి దిగుతాయి. ఎన్నాళ్లకోసారి అని అడిగేవాళ్ల కోసం చెప్పాలంటే, వేసవిలో నాలుగైదు రోజులకి, చలికాలంలో పది పదిహేను రోజులకి ఒకసారి అవసరపడొచ్చు. కానీ అనంతపురంలో రెండు రోజుల్లో ఆరే కుండీ కాకినాడ గాలిలో వారం తడిగా ఉండొచ్చు. క్యాలెండరు కన్నా వేలే నమ్మకం. వానాకాలంలో కుండీని చూరు కిందికి లాగేయండి. ఒక వాన తగిలితే దుమ్ము కడిగినట్టుంటుంది కానీ ముసురు పట్టిన వారం మాత్రం ప్రమాదం.

బోరు నీళ్లే దిక్కయిన చోట్ల కుండీ గోడలకి, మట్టి పైన తెల్లటి పొర కడుతుంది. అది నీళ్లలోని లవణం. అప్పుడప్పుడు పట్టి ఉంచిన వాన నీళ్లు ధారాళంగా పోసి కడిగేస్తే చాలు. బియ్యం కడిగిన నీళ్లు, టీ పిప్పి, కోడిగుడ్డు పెంకులు వంటింట్లోంచి నేరుగా ఈ కుండీలోకి రానివ్వకండి. మట్టి పులిసి సన్నటి ఈగలు ముసురుతాయి. ఎరువు కూడా వానాకాలం ముగిశాక ఒకసారి, ఎండలు ముదరకముందు ఒకసారి గుప్పెడు వర్మీకంపోస్టు పైన చల్లితే సరిపోతుంది.

మొదలు మెత్తబడి నల్లబడిందా? నీళ్లు మానేసినంత మాత్రాన అది కోలుకోదు. పైన గట్టిగా ఉన్న కొమ్మను శుభ్రమైన కత్తితో కోసి, కోత లోపల ఆకుపచ్చగా ఉందో లేదో చూడండి. గోధుమరంగు చార కనిపిస్తే ఇంకా పైకి కోయాలి. ఆ కొమ్మను మూడు నాలుగు రోజులు నీడలో ఆరబెట్టి, కోత మీద పొర కట్టాక కొత్త మట్టిలో నాటండి. ఆకుల సందుల్లో దూదిలా కనిపించేది పిండినల్లి, లేత చిగుళ్ల మీద గుంపుగా ఉండేది పేనుబంక. కొద్దిగా ఉంటే తడిబట్టతో తుడిచేయండి, ఎక్కువైతే వేపనూనెలో నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల లెక్కన సాయంత్రం పూట పిచికారీ చేయండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

మొక్క జానెడు పెరిగాక కొస గిల్లితే పక్క కొమ్మలు వచ్చి గుబురవుతుంది. పువ్వులు కావాలంటే మాత్రం గిల్లడం ఆపాలి. చలికాలం పొద్దు తగ్గాక పొడవాటి కాడ పైకి లేచి, ఉబ్బిన గొట్టాల్లాంటి పువ్వులు తలకిందులుగా వేలాడతాయి. రాత్రంతా లైటు వెలిగే గదిలో పూత కష్టం, దానికి పొడుగు చీకటి కావాలి.

ఇప్పుడు నమలొద్దన్న కారణం. మూత్రపిండాల్లో రాళ్లకి రణపాల ఆకు తినమని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఈ మొక్కలో బ్యుఫాడయినొలైడ్లు అనే పదార్థాలున్నాయి, అవి గుండె మీద పనిచేస్తాయి. ముఖ్యంగా గుండె జబ్బుకి మందులు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా దీని జోలికి వెళ్లొద్దు. ఈ కుటుంబపు మొక్కలు మేసి పశువులు చనిపోయిన సంఘటనలు ఆస్ట్రేలియాలో నమోదయ్యాయి. కుక్కలకి, పిల్లులకి కూడా మంచిది కాదు. అందుకని కుండీ వాటికి అందనంత ఎత్తులో ఉండాలి.

మిగిలిన పిల్లల్ని చెత్తతోపాటు చెరువు గట్టునో పొలం గట్టునో పారేయకండి. హవాయి, గాలపాగోస్ దీవుల్లో ఇది బయటికి పాకి స్థానిక మొక్కల్ని తొక్కేసింది. ఒక్క ఆకు ముక్క చాలు దానికి. వద్దనుకున్నవి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఎండలో పూర్తిగా కుళ్లనిచ్చి అప్పుడు పారేయండి. ఎవరికైనా ఇవ్వాలనిపిస్తే ఇంట్లో మేకలూ ఆవులూ లేనివాళ్లకి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు తినొద్దని కూడా చెప్పండి.