తెరచాప దించి డీజిల్ పడవ ఎక్కితే...

తాళ్లు లాగే ఓపిక తగ్గాక తెరచాప పడవ అమ్మేసి, చిన్న పాత డీజిల్ పడవ కొనుక్కునేవారు బ్రిటన్, అమెరికా తీరాల్లో కనిపిస్తారు. గాలితో పనిలేదు కాబట్టి ఎంత వేగమైనా వెళ్లొచ్చా? నీరు ఒప్పుకోదు.

నీటిని చీల్చుకుంటూ వెళ్లే పడవ అలను లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవూ పెరుగుతుంది. అది పడవ పొడవును దాటితే వెనుకభాగం పల్లంలోకి జారుతుంది. ఇక పడవ తన అలనే ఎక్కాలి! నీటిమట్టం వద్ద 9 మీటర్ల పొడవుంటే ఈ హద్దు గంటకు సుమారు 13.5 కిలోమీటర్లు. (నీటిపై జారుతూ దూసుకెళ్లే స్పీడ్‌బోట్ల సంగతి వేరు.) ఈ అలల నిరోధాన్ని విలియం ఫ్రూడ్ 1870లలో ఇంగ్లండ్‌లోని టోర్కీలో, నమూనా పడవలను తొట్టిలో లాగి కొలిచాడు. హద్దు దగ్గర వేగాన్ని పావువంతు తగ్గించినా, అంతే దూరానికి డీజిల్ ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది.

అసలు ప్రమాదం ట్యాంకులో ఉంటుంది. గాలిలోని తేమ చల్లబడి నీరై అడుగున చేరుతుంది. డీజిల్, నీరు కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి జిగురులాంటి మడ్డి కడుతుంది. ఒడ్డున కట్టేసి ఉన్నంతకాలం అది కదలదు. సముద్రం పోటెత్తినప్పుడే పైకి లేచి ఫిల్టర్‌ను మూసేస్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది. అప్పుడు ఎత్తడానికి తెరచాప ఉండదు. అందుకే పాత పడవ కొనేవారు ఇంజిన్ చప్పుడు వినేముందు ట్యాంకు అడుగునుంచి కాస్త డీజిల్‌ను గాజుసీసాలోకి తీయించి చూడాలి.